అరగని పన్ను

దంతవైద్యుడు మళ్లీ చేతులు కడుక్కోవడానికి లేచాడు. డిటెక్టివ్ వచ్చి కూర్చున్నాక ఆయన ఏ రోగినీ ముట్టుకోలేదు.

ఆమె ఆ సంగతి గమనించనట్టే ఉండిపోయింది. వేరే కుర్చీ లేదని ఆయన ఆమెను రోగులు పడుకునే కుర్చీలోనే కూర్చోబెట్టాడు. నెత్తిమీద దీపం, పక్కన పళ్లెంలో వరుసగా పేర్చిన సన్నటి కొక్కేలు. ప్రశ్నలడిగే మనిషి వెల్లకిలా వాలి ఉండడం, జవాబు చెప్పవలసిన మనిషి నిలబడి ఉండడం వింతగానే ఉంది. అయినా ఆమె లేవలేదు. పైనుంచి చూస్తున్నంతసేపూ ఆయనకు ధైర్యంగా ఉంటుంది. ధైర్యంగా ఉంటే నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడతాడు. ఆమెకు కావలసింది ఆ నాలుగు మాటలే.

ఊరి చివర పాడుబడ్డ రాతి క్వారీ గుంటలో ఒక శవం తేలింది. నీళ్లలో చాలా రోజులు నానడంతో ముఖం ఆనవాలు పట్టే స్థితిలో లేదు. ఒంటిమీది కోటు, జేబులోని గుర్తింపు కార్డు మాత్రం ఒక పరిశోధకుడివి. పుచ్చిపళ్లలో నింపే పదార్థం తయారుచేసే కంపెనీలో అతను పెద్ద హోదాలో ఉండేవాడు. అంతకు కొన్నాళ్ల ముందే కనబడకుండా పోయాడు. శవం దవడపళ్లలో ఉన్న నాలుగు ఫిల్లింగులూ ఆ పరిశోధకుడివేనని ఈ దంతవైద్యుడే పోలీసులకు ధ్రువీకరించాడు. కాలుజారి పడ్డాడని ఇన్‌స్పెక్టర్ కేసు మూసేశాడు.

మూతపడనిది ఒక్క అక్క నోరు. పరిశోధకుడికి పెళ్లి కాలేదు. తల్లి పోయాక అతన్ని చంకనెత్తుకుని పెంచింది ఆ అక్కే. ఆవిడ శవాన్ని చూసి, ఈ పాదాలు మావాడివి కావు, నేను సంతకం పెట్టను అంది. నానిపోయిన పాదాలను చూసి ఎవరైనా ఏం చెప్పగలరని అందరూ నచ్చజెప్పారు. ఆవిడ వినలేదు. డిటెక్టివ్‌ను పిలిపించుకుంది. రేపు పొద్దున్న ఆవిడ తీసుకెళ్లకపోతే తామే అంత్యక్రియలు జరిపిస్తామని పోలీసులు చెప్పేశారు. ఆ తర్వాత ఇక తేల్చుకోవడానికి ఏమీ మిగలదు.

“ఆ నాలుగు ఫిల్లింగులూ మీరు వేసినవేనా?” అని అడిగింది డిటెక్టివ్.

“నా చేత్తోనే వేశానమ్మా. ఏడేళ్ల మాట. అతను తయారుచేసిన పదార్థమే, మొదట తన నోట్లోనే వేయించుకున్నాడు.”

“తర్వాత ఎప్పుడైనా తీసి కొత్తవి వేశారా?”

“ఆ అవసరమే రాలేదు.”

“ఇంకో డాక్టరు దగ్గర వేయించుకుని ఉండొచ్చా?”

“నేనుండగా ఇంకొకరి ముందు నోరు తెరిచే మనిషి కాదు” అని ఆయన తువాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

ఆమె మాట మార్చి అలవాట్ల గురించి అడిగింది. ఆయన నిజంగానే నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడాడు. పరిశోధకుడికి నిద్రలో పళ్లు నూరే అలవాటు ఉండేదట. పక్కగదిలో వాళ్లకు కూడా వినబడేదట. రాత్రిపూట పళ్లకు తొడుక్కోమని ఒక తొడుగు చేసిస్తే, గొంతులో అడ్డం పడుతోందని పక్కన పారేశాడట. అక్క కూడా అదే చెప్పింది కాబట్టి ఇందులో అబద్ధం లేదు.

“ఇవాళ పొద్దున్న నేను మార్చురీకి వెళ్లాను” అంది డిటెక్టివ్ తాపీగా. “ఆ ఫిల్లింగులు మొన్న వేసినట్టున్నాయండి. గీత పడలేదు, గుంట పడలేదు.”

ఆయన ఆశ్చర్యపోలేదు. “అదేనమ్మా ఆ పదార్థం గొప్పతనం. ఏళ్ల తరబడి నమిలినా చెక్కుచెదరని మన్నిక దానిది” అన్నాడు.

ఈ వాక్యం ఆమె అంతకుముందే చదివింది. బయట రోగులు ఎదురుచూసే గదిలో గోడకు అంటించిన కంపెనీ ప్రకటనలో అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది. కంఠతా పట్టిన మాట మనిషి నోట్లోంచి వచ్చేటప్పుడు ఊపిరి తీసుకోదు. ఆయనా తీసుకోలేదు.

“అది తేలడం కష్టమేమీ కాదులెండి. అతని పళ్లకు ఏటేటా అచ్చులు తీసి కంపెనీ ల్యాబ్‌లో దాచారట. వాటి పక్కన పెట్టి చూస్తే సరిపోతుంది.”

“అవి ఇంకా ఉన్నాయా?” అన్నాడు దంతవైద్యుడు.

అనేశాక, ‘ఇంకా’ అన్న మాట తన చెవికీ వినబడినట్టుంది. కుళాయి దగ్గరికి నడిచాడు.

* * *

ల్యాబ్‌లో ఆమెకోసం ఎదురుచూస్తున్నది పరిశోధకుడితో పదేళ్లుగా ఒకే బల్ల దగ్గర పనిచేసిన సహోద్యోగిని. పొడవాటి మనిషి, పొదుపుగా మాట్లాడుతుంది. డిటెక్టివ్ తెచ్చిన డబ్బా తెరిచి, లోపలున్న గులాబీరంగు మెత్తటి ముద్దను వెలుతురులో తిప్పి చూసింది. మార్చురీ డాక్టరు సాయంతో శవం పళ్లకు తీసిన ముద్ర అది. అందులో తెల్లటి ద్రవం పోసి, గట్టిపడేదాకా ఆగాలంది.

అది గట్టిపడేలోగా డిటెక్టివ్ గదంతా కలయజూసింది. గోడవారన నమిలే యంత్రం టక్కు టక్కుమంటూ పనిచేస్తోంది. నీటిచుక్కలు కారుతుండగా ఒక ఇనపచెయ్యి పైకి లేచి, కింద బిగించిన చిన్న బిళ్ల మీద గట్టిగా నొక్కి, కొంచెం పక్కకు జరిగి రాసి, మళ్లీ లేస్తుంది. మనిషి ఏళ్ల తరబడి నమిలేదంతా అది కొద్ది వారాల్లో నమిలేస్తుందని సహోద్యోగిని చెప్పింది.

ఫిల్లింగ్ ఎందుకు అరుగుతుందో కూడా ఆమే విడమరిచి చెప్పింది. ఆ పదార్థమంటే జిగురులో కలిపిన సన్నటి గాజుపొడి. నీలి వెలుతురు తగిలితే రాయిలా బిగుసుకుంటుంది. నములుతున్న కొద్దీ ముందు జిగురు అరుగుతుంది. అప్పుడు గాజురేణువులు బయటపడి, పట్టు లేక ఒక్కొక్కటే ఊడిపోతాయి. ఫిల్లింగ్ చుట్టూ ఉన్న పంటి పైపొర అంతకన్నా గట్టిది, అంత తొందరగా తగ్గదు. అందుకని కొన్నేళ్లు పోయేసరికి ఫిల్లింగ్ పంటి అంచు కన్నా కిందికి దిగుతుంది. మహా అయితే రెండు మూడు వెంట్రుకల మందం. కానీ నాలుక పెడితే మెట్టులా తగులుతుంది.

డిటెక్టివ్ నాలుక తనకు తెలియకుండానే కుడివైపు దవడపన్ను దగ్గరికి పోయింది.

“వెతుక్కుంటున్నారా?” అంది సహోద్యోగిని. “ఈ మాట చెప్పగానే అందరూ వెతుక్కుంటారు.”

“మరి ఇది అరగదని మీ కంపెనీ అంటోందిగా?”

సహోద్యోగిని యంత్రం వైపు చూస్తూ, అరగని పదార్థం ఇంతవరకు ఎవరూ చేయలేదంది. తక్కువ అరిగేది, ఎక్కువ అరిగేది, అంతే తేడా. ఈ మధ్య చాలామంది దంతవైద్యులు ఫిర్యాదులు చేశారట. రెండేళ్లకే గుంటలు పడుతున్నాయని, కింద పన్ను మళ్లీ పుచ్చుతోందని. బయటినుంచి నిపుణులు వచ్చి పరీక్ష ఫలితాలన్నీ తిరగతోడతారని కబురొచ్చింది. ఆ కబురొచ్చిన వారంలోనే పరిశోధకుడు కనబడకుండా పోయాడు. కొలతలన్నీ అతని కంప్యూటర్‌లోనే ఉండేవి. తెరిచి చూస్తే అందులో అతని కొలతలు ఒక్కటీ లేవు.

“అచ్చులు మాత్రం ఉన్నాయి” అంటూ ఆమె అలమర దగ్గరికి తీసుకెళ్లింది.

అలమరలో పైనుంచి కింది దాకా చిన్న చిన్న అట్టపెట్టెలు. పదార్థాన్ని పరీక్షించడానికి నోరప్పగించిన వాళ్లందరి పళ్ల అచ్చులూ అందులోనే ఉన్నాయి. పెట్టెమీద పేర్లు ఉండవు, అంకెలే. పరిశోధకుడు కూడా తనకొక అంకె ఇచ్చుకుని ఆ గుంపులో కలిసిపోయాడు. ఆ అంకె ఎవరిదో తనకూ అతనికీ తప్ప మరొకరికి తెలియదంటూ సహోద్యోగిని మధ్య అర వైపు చెయ్యి చాపింది.

చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

అరలో ఒకచోట ఖాళీ ఉంది. పక్కన పెట్టెలు ఒరగలేదు, వరస చెడలేదు. డిటెక్టివ్ సంచిలోంచి భూతద్దం తీసి వంగింది. ఖాళీ జాగాలో చెక్క నున్నగా మెరుస్తోంది. దానికి అటూ ఇటూ సన్నటి దుమ్ము. తీసినవాడు వెతుక్కోలేదు. తడుముకోలేదు. వచ్చాడు, కావలసినవి తీసుకున్నాడు, పోయాడు.

“ఎప్పటిదాకా ఉన్నాయి?” అని అడిగింది.

“శవం దొరికిందని తెలిసిన రోజున చూశాను.” సహోద్యోగిని అర వైపే చూస్తోంది. “ఆ పెట్టెలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను మేడమ్. అతనివంటూ ఇక్కడ మిగిలినవి అవే కదా అని.”

వెనకవైపు తలుపు అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. తాళం పగలలేదు. పరిశోధకుడు పోయాక ఆ అంకెలు మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. డిటెక్టివ్ తలుపు గొళ్లేన్ని, గడపను పరీక్షగా చూస్తుండగా బయట జీపు ఆగిన చప్పుడైంది.

ఇన్‌స్పెక్టర్ లోపలికి వస్తూనే టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అది మర్యాద కాదు, కోపం. డిటెక్టివ్‌కు ఆ సంగతి బాగా తెలుసు. పోయిన ఆమె భర్తకు అతను సొంత తమ్ముడు.

“వదినా, శవం నోట్లో చెయ్యి పెట్టడానికి మీకు ఎవరిచ్చారు అనుమతి?”

“డాక్టరు పక్కనుండగానే తీశాం. నిన్నడిగితే ఇచ్చేవాడివా?”

“ఇచ్చేవాణ్ని కాదు.”

“అందుకే అడగలేదు.”

“ఇంట్లో మీరేమన్నా తలొంచుకుని వింటాను. ఇక్కడ నేను ఇన్‌స్పెక్టర్‌ని.”

“ఇంట్లో మాత్రం ఎప్పుడు విన్నావు బాబూ?”

సహోద్యోగిని దగ్గొచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకుంది. ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. అతను చేతికర్రతో బల్లమీద తడుతూ, కోటు అతనిది, కార్డు అతనిది, ఫిల్లింగులు అతనివి, గుర్తుపట్టింది అతని సొంత డాక్టరు, ఇంకా ఏం కావాలన్నాడు. ఒక ముసలావిడ మమకారాన్ని పట్టుకుని, మూసిన కేసు తెరవమనడం తన ఉద్యోగానికి ఎసరు పెట్టడమేనన్నాడు. ఫిల్లింగులు కొత్తగా ఉన్నాయని వదిన అంటే, అరగకపోవడమే ఆ సరుకు గొప్ప అని దంతవైద్యుడు ఇప్పుడే ఫోన్‌లో చెప్పాడన్నాడు.

“నేను బయటికి రాగానే నీకు ఫోన్ చేశాడన్నమాట” అంది డిటెక్టివ్.

“చేస్తే తప్పేముంది?”

“తప్పు లేదు. తొందరుంది.”

అచ్చులు మాయమైన సంగతి తెలియగానే ఇన్‌స్పెక్టర్‌కు ఊపొచ్చింది. పెట్టెల అంకె తెలిసినవాళ్లు ఇద్దరే అయితే, ఒకరు చనిపోతే, మిగిలింది ఈవిడే కదా అన్నాడు. ఆ అచ్చులు పనికొచ్చేవైతే ఈవిడ ఎందుకు దాచిందో స్టేషన్‌కొచ్చి చెప్పమన్నాడు. సహోద్యోగిని రెండడుగులు వెనక్కి వేసి, అచ్చుల ఎత్తుపల్లాలు కొలిచే యంత్రానికి చెయ్యి ఆనించింది. అలాగే ఒక్క క్షణం నిలబడి, ఆ యంత్రం వైపు తిరిగింది.

“ఒకటుంది” అంది.

కొలిచే యంత్రం మూత ఎత్తింది. లోపల, వెలుతురు పడే చోట, ఒక తెల్లటి అచ్చు బిగించి ఉంది. పోయిన ఏడాది పరిశోధకుడి పళ్లకు తీసిన అచ్చు. దాన్ని ఆఖరిసారి కొలవడానికి పెట్టింది అతనే. ఆ మర్నాటి నుంచి రాలేదు. అతని చేత్తో బిగించినదాన్ని విప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. దాని పెట్టె మాత్రం అలమరలోనే ఉండిపోయింది. పట్టుకెళ్లినవాడు మూత తీసి చూసుకోలేదు.

సహోద్యోగిని ముందు ఆ అచ్చును కొలిచింది. సన్నటి కాంతిరేఖ పళ్లమీదుగా పాకింది. తెరమీద పళ్ల బొమ్మ వచ్చింది. ఎత్తుగా ఉన్నచోట పసుపు, లోతుగా ఉన్నచోట నీలం. నాలుగు ఫిల్లింగులూ నల్లటి నీలంలో కనబడ్డాయి. చుట్టూ పంటి అంచు మెట్టులా లేచి ఉంది. పరిశోధకుడి పదార్థం అతని నోట్లోనే అరిగిపోయింది. ఆ గోడమీది ప్రకటన అబద్ధమనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాత శవం పళ్ల అచ్చు పెట్టింది. అవే నాలుగు పళ్లు, అవే నాలుగు ఫిల్లింగులు, అదే ఆకారం. అన్నీ పసుపు.

“అరిగిన ఫిల్లింగ్ మళ్లీ పెరుగుతుందా?” అని అడిగింది డిటెక్టివ్.

“పెరగదు” అంది సహోద్యోగిని.

“పోయిన ఏడాది తర్వాత ఇంకెవరి చేతైనా కొత్తవి వేయించుకుని ఉంటాడు” అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో మునుపటి బిగువు లేదు. అయినా వదల్లేదు. “దానికి ఇంత హంగామా ఎందుకు?”

“ఎవరూ ముట్టుకోలేదని నీ డాక్టరే నాతో అన్నాడు. పోనీ, అబద్ధమే చెప్పాడనుకో. ఫిల్లింగులు మార్చొచ్చు. పళ్లు మార్చగలరా?”

ఆమె తెరమీద వేలు పెట్టి చూపించింది. పరిశోధకుడి దవడపళ్ల మీద కొనలు లేవు. నిద్రలో నూరి నూరి చదునైపోయి, సానరాయిలా ఉన్నాయి. శవం పళ్లకు కొనలు పదునుగా నిలబడి ఉన్నాయి. ఈ నోటి మనిషి జన్మలో పళ్లు నూరలేదు. అక్క చెప్పిందే నిజం. ఆ పాదాలు ఆవిడ తమ్ముడివి కావు.

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు.

“మరయితే వీడెవడు?” అన్నాడు.

జవాబు సహోద్యోగిని దగ్గర సగం ఉంది. ఆమె శవం అచ్చును చేతిలోకి తీసుకుని ముందుపళ్ల అంచును గోటితో తడిమింది. పైవరస మధ్యపన్నుకు చిన్న గాడి ఉంది, సరిగ్గా దాని ఎదురుగా కింది పన్నుకూ ఉంది. తిండి నమిలితే అలా పడదని, సన్నటి ఇనప వస్తువేదో ఏళ్ల తరబడి ఒకేచోట కరిచి పట్టుకుంటే పడుతుందని చెప్పింది. దర్జీలు సూదిని పట్టుకుంటారు. సోఫాలకు గుడ్డ బిగించే పనివాళ్లు చిన్న మేకులు పళ్లమధ్య పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడుతుంటారు.

ఇన్‌స్పెక్టర్ చేతికర్ర జారి కింద పడింది. అతను వంగి తీసుకోలేదు.

“ఏమిటి బాబూ?” అంది డిటెక్టివ్. ఈసారి ఆ పిలుపులో వెటకారం లేదు.

అతను నేల చూస్తూ చెప్పాడు. కొన్నాళ్లుగా ఒకావిడ రోజూ స్టేషన్‌కొచ్చి బెంచీమీద కూర్చుంటోంది. మొగుడు సోఫాలు కుట్టే పనివాడు. పనికని పోయి తిరిగి రాలేదు. తాగుడు లేదు, గొడవల్లేవు. ఎవరో పెద్దాయన దయ తలచి పళ్లన్నీ ఉచితంగా బాగుచేయించాడని, అద్దంలో చూసుకుని మురిసిపోయేవాడని ఆవిడ చెప్పింది. ఏమైనా ఆధారం దొరుకుతుందేమోనని ఆ ముక్క మళ్లీ మళ్లీ చెప్పేది.

“నేనేమన్నానో తెలుసా వదినా?” అన్నాడు. “కొత్త పళ్లు కట్టించుకున్నవాడు కొత్త పెళ్లాం కోసమే పోయుంటాడులే అన్నాను. స్టేషనంతా నవ్వారు. ఆవిడ కూడా, పాపం, నవ్వబోయింది.”

డిటెక్టివ్ కిందపడ్డ చేతికర్ర తీసి అతని చేతికిచ్చింది. అనడానికి చాలా ఉంది. కానీ భర్త పోయిన రోజున ఇదే మనిషి గోడకు తల బాదుకోవడం ఆమె చూసింది. అతన్ని పొడవడానికి ఇప్పుడు మాటలు అక్కర్లేదు.

“ఆవిడకు ఎవరు చెప్పాలి?” అన్నాడు ఇన్‌స్పెక్టర్ చివరికి.

“నువ్వే. కానీ ముందు ఆ డాక్టరును పట్టుకో. ఆ ఫిల్లింగులు వేసిన చెయ్యి అదే. ఇప్పటికే సంచి సర్దుకుంటుంటాడు.”

అతను లేచి, టోపీ పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. సహోద్యోగిని వైపు తిరిగి, ఇందాక అన్నమాటకు క్షమించమన్నాడు. పెట్టెల విషయం మాత్రం ఇంకా తేలలేదని గొణిగి వెళ్లిపోయాడు.

పెట్టెల విషయం అప్పటికే తేలిపోయింది. దాన్ని నోటితో అనడానికి గదిలో మిగిలిన ఇద్దరికీ ధైర్యం చాలలేదు, అంతే. అంకె తెలిసినవాళ్లు ఇద్దరు. ఒకరు డిటెక్టివ్ ఎదురుగా నిలబడి ఉన్నారు. రెండో మనిషి క్వారీలో చావలేదు. వెనక తలుపు అంకెలు నొక్కి, తడుముకోకుండా అర దగ్గరికి నడిచి, తన అబద్ధాన్ని బయటపెట్టే అచ్చుల్ని తానే మోసుకుపోయాడు. అతను చచ్చిపోతే విచారణ ఎవరిమీద? శవం నోట్లో మెరుస్తున్న ఫిల్లింగులు చూపించి, ఏడేళ్లయినా అరగలేదని రేపు కంపెనీ చాటింపు వేసుకోవచ్చు. దానికోసం సోఫాలు కుట్టుకునే ఒక మనిషిని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, దయగా పళ్లు బాగుచేయించాడు.

“అతను ప్రతి ఏడూ నాకు గులాబీమొక్క తెచ్చిచ్చేవాడు మేడమ్” అంది సహోద్యోగిని, ఎవరితోనో చెబుతున్నట్టు. ఆ తర్వాత ఆమె కళ్లు తుడుచుకుని, రెండు అచ్చుల్నీ దూదిలో చుట్టడం మొదలుపెట్టింది. ముడి గట్టిగా వేసింది.

డిటెక్టివ్ ఫోన్ తీసింది. అక్కకు చెప్పాలి. చచ్చాడనుకున్న తమ్ముడు బతికే ఉన్నాడన్న కబురు ఎవరికైనా పండగే. ఆ కబురు వెనకున్న రెండో కబురు ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు. మొదటిది మాత్రమే చెబుదామనుకుంది.

అక్క వెంటనే ఫోన్ ఎత్తింది.

“మీరన్నదే నిజమండి. ఆ శవం మీ తమ్ముడిది కాదు. ల్యాబ్‌లో ఒక అచ్చు దొరికింది, దాంతో తేలిపోయింది.”

ఆవిడ ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. అవతల బల్లమీద మంచినీళ్ల గ్లాసు పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత ఆవిడ గొంతు తగ్గించి, సంతోషం దాచుకోవడం చేతగానట్టు మాట్లాడింది.

“నాకు మధ్యాహ్నమే తెలిసిందమ్మా. ఎవరికీ చెప్పొద్దన్నాడు గానీ, నీకు చెప్పకుండా ఎలా ఉంటాను? వాడిక్కడే ఉన్నాడు. భోజనం చేస్తున్నాడు. ఎవరో పగబట్టి వాణ్ని తరుముతున్నారట. చిక్కి సగమయ్యాడు నాయన.”

డిటెక్టివ్ నిదానంగా, మామూలు గొంతుతో, అతను తింటుండగానే ఏదో పని ఉన్నట్టు బయటికి వచ్చేయమని చెప్పబోయింది. మొదటి మాట పూర్తికాలేదు. అవతల అక్క ఎవరికో బదులు చెబుతోంది. ఆవిడేరా, ల్యాబ్‌లో అచ్చేదో దొరికిందట, ఆ శవం నీది కాదని తేలిందట.

ఫోన్ చెయ్యి మారింది.

“నమస్కారమండి” అంది ఒక మగగొంతు. తొందర లేదు. చదువుకున్న మనిషి మర్యాద ఉంది. “మా అక్కకు చాలా సాయం చేశారు. పెట్టెలు తెరిచి చూసుకుంటే ఒకటి ఖాళీగా ఉంది. అప్పటినుంచి నిద్ర లేదు. అది మీ దగ్గరుందా, మా సహోద్యోగిని దగ్గరుందా? అంతవరకు చెప్పండి చాలు.”

డిటెక్టివ్ సహోద్యోగిని వైపు చూసింది. ఫోన్‌లోంచి వినబడ్డ ఆ గొంతు గుర్తుపట్టి ఆమె అచ్చుల మూటను గుండెకు అదుముకుంది.

“అది నా దగ్గరే ఉంది” అంది డిటెక్టివ్. “నేనే తెస్తాను. అక్కను మాత్రం ఒకసారి ఫోన్‌లోకి రానివ్వండి.”

అడుగుల చప్పుడు దూరంగా జరిగింది. ఇనుము ఇనుముకు తగిలిన చిన్న శబ్దం. ఆ వెనక అక్క గొంతు, చిన్నప్పటినుంచి అతన్ని అడిగే గొంతే, ఏ భయమూ లేకుండా వినబడింది.

“తలుపుకి గడియ ఎందుకురా పెడుతున్నావు?”